బలహీనమైన వాదన

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు, మా ఆయనకి చెప్పలేదు. ఒంటరిగా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దేవుడితో కూడా తిన్నగా అనలేదు, చుట్టూ తిప్పి ఏదో గొణిగి లేచిపోయాను. ఇన్నేళ్ళు మోశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అనగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. భయం.

సికింద్రాబాదులో ఒక బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాను. అందులో ఒక పాఠం ఉంది. ఒక ప్రశ్న, దాని కింద వాదనలు. ఏది బలమైనదో, ఏది బలహీనమైనదో పిల్లలు తేల్చాలి. పోయినసారి ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ కాదంటే బలహీనం. విషయం వదిలేసి మనిషిని ఎత్తిపొడిస్తే బలహీనం. ఎవరో ఒకరిని చూపించి అందరికీ అంతే అంటే బలహీనం. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మరి ఆ ఆదివారం నాకేమైంది? తెలియక చేశానా? కాదు. అదే నన్ను తినేస్తోంది.

మారేడ్‌పల్లిలో మేము కొత్తగా కొనుక్కున్న ఫ్లాటుకి ఆ సాయంత్రం గృహప్రతిష్ఠ ప్రార్థన. నేరేడ్‌మెట్ నుంచి మా అక్క ఆరాధన అవ్వగానే వచ్చి వంటలోకి దిగింది. బావ డ్యూటీ మీద ఊళ్ళో లేరు. వాళ్ళమ్మాయి షారోన్ అప్పటికి స్కూలు పిల్ల, కింద ఆడుకుంటోంది. మధ్యాహ్నం అక్క గరిటె పక్కన పెట్టి స్టూలు మీద కూలబడింది. మొహమంతా చెమట.

“ఛాతీ మీద బరువు పెట్టినట్టుందే. ఎడమ చెయ్యి లాగేస్తోంది. ఒకసారి హాస్పిటల్‌కి వెళ్ళొద్దామా?”

“పోయినసారీ ఇలాగే హడావిడి చేశావు. తీరా చూస్తే గ్యాస్ అన్నారు. ఇదీ అదే.”

“ఇది అలా లేదే.”

“అమ్మ జీవితమంతా ఛాతీ నొప్పి అంటూనే ఉండేది. ఏమైంది? నిక్షేపంలా బతికింది. నీకు మొదట్నుంచీ ప్రతిదానికీ కంగారే అక్కా. ఇప్పుడు వెళ్తే అడ్మిట్ అంటారు. నా ఇంటి ప్రార్థన ఆగిపోతే నీకు సంతోషమా?”

అక్క నా వంక చూసి నీరసంగా నవ్వింది. “నీతో మాట్లాడి నెగ్గగలనా! సరేలే, కాసేపు పడుకుంటే అదే పోతుంది.”

నేనే లోపలి గదిలో చాప వేశాను. సోడా తెచ్చి తాగించి తలుపు దగ్గరగా వేశాను. వచ్చినవాళ్ళు అక్క ఏదని అడిగితే అలిసిపోయి పడుకుందన్నాను. పాటలు పాడుతున్నంతసేపూ ఆ తలుపు వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను. ఎందుకు చూడలేదు? నా వాదన మీద నాకే నమ్మకం లేదు కాబట్టి కాదూ? అందరూ భోజనాలకి లేచాక వెళ్ళి లేపాను. లేవలేదు.

నొప్పి అని ముందేమైనా చెప్పారా అని హాస్పిటల్లో డాక్టరు అడిగారు. పాస్టరు గారు, షారోన్, అందరూ నా వైపే చూస్తున్నారు.

“నాకేం చెప్పలేదండీ” అన్నాను.

అనుకుని అన్నది కాదు, భయంలో నోరు జారింది. కానీ జారిన మాటని వెనక్కి తీసుకోవడానికి ఆ మర్నాడు వీలుంది, ఆ తర్వాతి ఏడాది వీలుంది, నిన్నటి దాకా రోజూ వీలుంది, నేనే తీసుకోలేదు. తన బాధతో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయిన తల్లి అన్నారు పాస్టరు గారు భూస్థాపన రోజున. అందరూ ఏడ్చారు. షారోన్ ఏడవలేదు. ఒక్క మాట చెప్తే ఏం పోయేది అమ్మకి, అంది. ఆ కోపంతోనే పెరిగింది. ఇవాళ్టికీ తన గదిలో వాళ్ళమ్మ ఫొటో ఉండదు.

ఆ తర్వాత ఆ పాఠం నేనెప్పుడూ చెప్పలేదు. ఏదో వంక పెట్టి తోటి మాస్టారికి అంటగట్టేదాన్ని. ఈమధ్య ఆయన మానేశారు. సరిగ్గా ఇప్పుడే షారోన్ మా బ్యాచ్‌లో చేరింది. ఇంట్లో పిన్నిని, క్లాసులో మేడంని. ముందు వరసలో కూర్చుని నా మొహంలోకే చూస్తుంది.

నిన్న ఆ పాఠం తప్పలేదు. పుస్తకంలోవి కాదు, ఇళ్ళల్లో వినేవి చెప్పండి మేడం అన్నారు పిల్లలు. నేనెందుకలా రాశాను? పట్టుబడిపోవాలనుకున్నానా? ఛాతీ నొప్పి అంటున్న మనిషిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలా? అక్కర్లేదు, పోయినసారి గ్యాసే అన్నారు. రాసేశాక గానీ బోర్డు మీద ఏముందో నాకు తెలియలేదు.

షారోనే చెయ్యెత్తింది. “వీక్ మేడం. పోయినసారి గ్యాస్ అయితే ఈసారి కూడా గ్యాసేనా? అయినా మనిషి నొప్పి అంటుంటే ఇట్లా ఎవరు వాదిస్తారు మేడం?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు విని నాకే భయమేసింది. తర్వాతి ప్రశ్న అన్నాను.

దానికి తెలిస్తే నా మొహం చూడదు. తెలియకపోతే బతికున్నన్నాళ్ళూ వాళ్ళమ్మని క్షమించదు. రెండూ భయమే. ఇన్నాళ్ళూ మొదటిదానికే భయపడ్డాను, రెండోది దాని మీద నేను రుద్దిందని తెలిసి కూడా. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ క్షమాపణ మీరిచ్చేది కాదు. ఇందాక తలుపు వేసుకుని, మొదటిసారి ఆ మాట పైకి అని చూశాను.

షారోన్, మీ అమ్మ చెప్పింది. నాకే చెప్పింది.