చర్చి గోడకు పగులు

రైలు పట్టాల పక్కనున్న మా పాత చర్చి ముచ్చట అడిగితే, మా అమ్మ బైబిలు మూసి పక్కకు పెట్టి మరీ మొదలుపెడ్తది. ముందుగాల రైల్వే దొరలు రేకుల షెడ్డు ఏసుకున్నరట. తర్వాత నిజాం జమానాల రాతిగోడలు లేచినయట. నిజామాబాద్ దిక్కుకెల్లి పట్టాల పనికి నాందేడ్ అచ్చిన మనోళ్లు తెలుగు ఆరాధన షురూ చేసిండ్రు. మరాఠీ ఆరాధన ఆ తర్వాతది. "మనమే ముందు," అంటది అమ్మ, పందెం గెలిచినట్టు.

గా గోడకు పోయిన వానకాలం పగులు కనబడ్డది. కిటికీ మీదికెల్లి కప్పు దాక, వేలు పట్టేంత. ఇంజనీరు సాబ్ చూసి తాళం ఏపిచ్చిండు. గోడ పోతే కూలగొట్టుడే, కొత్తది ఊరి బయట కట్టుకోవాలె అన్నడు. ఊరి బయటంటే రెండు ఆటోలు మారాలె. అమ్మకు మోకాళ్లు లేవయి. "ఇగ నా ఆరాధన గేటు కాడనే," అని ఆదివారం పొద్దున చాప సంకల పెట్టుకొని పోయి తాళం ముందల కూసునేది. నాకు కోపం అచ్చేది, పాపం గూడ అనిపిచ్చేది. ఆమె పెండ్లయింది ఆడనే, నాయిన శవపెట్టె దించి ప్రార్థన చేసింది ఆడనే. ఇంకోకాడికి పో అంటే ఏడికి పోతది?

కూలగొట్టే ముందు, పగులు రాయి దాక పోయిందా చూద్దాం, సున్నం గోకుండ్రి అన్నడు ఇంజనీరు. సంఘం పెద్దలు గుంజాటన పడ్డరు. మా దగ్గర క్రిస్మస్‌కు సున్నం ఏసుడే గని పాతది గోకుడు లేదు. దేవుని గోడను గోకుతరా అని తాతల కాడికెల్లి పొర మీద పొర ఏసుకుంటనే అచ్చిండ్రు. ఆఖరికి మా తమ్ముడు ఉలి పట్టిండు. నేను నిచ్చెన పట్టుకొని "పైలం రా" అనుకుంట నిలబడ్డ.

ఒక్క దెబ్బకు ఇంత పెచ్చు ఊడి పడ్డది. అమ్మో, ఏం మందం! నాలుగు జొన్నరొట్టెలు పేర్చినట్టున్నది. అంచుకు చూస్తే తెలుపు, నీలిమందు కలిపిన తెలుపు, పసుపు, నా చిన్నప్పటి ఆకుపచ్చ, మళ్ల తెలుపు. దాని వెనక రాయికి గీతన్న పడలే. పగిలిందంత మేం ఏసిన సున్నమే! ఇంజనీరు సాబ్ రాయి మీద చెయ్యి పెట్టి, "దీవార్ పక్కీ హై," గోడ గట్టిగనే ఉన్నది అని నవ్విండు. బతికినం దేవుడా అని నేను ఆడనే నేల మీద కూలబడ్డ.

తాళం తీసిండ్రు. అమ్మ లోపలికి పోతే, మోకరిస్తదేమో, పాట ఎత్తుకుంటదేమో అనుకున్న. నేలంత ఒకసారి చూసి, "గింత దుమ్ముల జనం ఎట్ల కూసుంటరే? చీపురు తే," అన్నది. తెచ్చిన. నేను ఊడుస్తనంటే ఇయ్యలే. మోకాళ్లను తిట్టుకుంట తనే ఊడ్వవట్టింది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.