మామ అన్నీ బాగున్నాయన్న రోజులు

మా మామ, అంటే నా భార్య తండ్రి, లాల్‌దర్వాజాలో గుడి సేవలో ఉండి సన్నాయి వాయించేవాడు. పళ్ళు ఊడిపోయాక మానేశాడు. మా అత్త పోయాక ఆయన ఒక్కడే వండుకు తినడం చూడలేక జహనుమాలోని మా ఇంటికి తీసుకొచ్చాం. వెంట ఒక సూట్‌కేసు, ఒక రేకుపెట్టె తెచ్చుకున్నాడు. పెట్టె నిండా రికార్డులే. వాటిని వినిపించే మిషను ఎన్నడో పాడైపోయింది. అయినా ఒక్కొక్క రికార్డునూ మెత్తటి పాత పంచెల మడతల్లో దాచుకున్నాడు.

అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న మొహమాటం ఆయనకు చాలా ఉండేది. పప్పు ఎట్లా ఉందంటే బాగుందనేవాడు. నిద్ర పట్టిందా అంటే మస్తు పట్టిందనేవాడు. కుర్చీలో కూడా సగం మీదే కూర్చునేవాడు, ఎవరైనా వస్తే లేచి ఇవ్వాలన్నట్టు.

ఆ రికార్డులు మళ్ళీ మోగితే ఆయన కాస్త కుదురుకుంటాడేమో అనిపించింది నాకు. కొత్త ప్లేయరు కొన్నాను. ఆఫీసులో ఒక మిత్రుడి ఇంట్లో ఊరికే పడున్న యాంప్లిఫయరు తెచ్చాను. స్పీకర్లు మాత్రం జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల మధ్య ఏరుకున్నాను. ఒక ఆదివారం పొద్దుటి నుంచీ ముందుగదిలో కూర్చుని, ఫోనులో వీడియోలు చూసుకుంటూ అన్నీ కలిపాను. రెండు స్పీకర్ల మధ్య మామ కుర్చీ వేశాను. సన్నాయి రికార్డు పెట్టి ముల్లు దించాను.

ముందు స్పీకర్లలో తుమ్మెదలు దూరినట్టు జుయ్‌మని ఒకటే రొద. దాని వెనకాల ఎక్కడో, పక్క గల్లీ పెళ్ళి పందిట్లోంచి వస్తున్నట్టు సన్నాయి.

"ఎట్లుంది మామా?"

"బాగుంది అల్లుడా. మస్తుగుంది."

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. తర్వాత నన్ను లోపలికి పిలిచి మెల్లగా అంది: "బాపుకు నచ్చలే. సన్నాయి వింటే తొడ మీద తాళం ఏయకుండ ఉండడు. ఇప్పుడు చెయ్యి కదలనే లేదు."

మళ్ళీ పనిలో పడ్డాను. రికార్డు తుడిచాను, ముల్లుకు పట్టిన నూగు తీశాను, ప్లగ్గులు పీకి గుచ్చాను. ఏం చేసినా రొద పోలేదు. ప్లేయరును కొంచెం జరుపుదామని దాని ఇనుప భాగం మీద చెయ్యి వేశానో లేదో, రొద ఒక్కసారిగా తగ్గింది. చెయ్యి తీస్తే మళ్ళీ వచ్చింది. ప్లేయరు వెనక ఒక సన్నటి ఎర్తు వైరు ఎటూ కలపకుండా వేలాడుతోంది. దాన్ని యాంప్లిఫయరు వెనకున్న స్క్రూకు బిగించగానే రొద పూర్తిగా పోయింది. మళ్ళీ రికార్డు పెట్టాను. నా ఆనందం అంతా ఇంతా కాదు.

"ఇప్పుడు మామా?"

"ఇప్పుడింక మంచిగుంది."

ఈసారి నా భార్య ఊరుకోలేదు. చేతిలోని గరిటెతోనే వచ్చి ఆయన ఎదుట నేల మీద కూర్చుంది.

"బాపూ, నా మీద ఒట్టు. నిజం చెప్పు."

"ఏం చెప్పాలె బిడ్డా? పాపం, పొద్దుగాల సంది గా వైర్లతోనే కొట్లాడుతున్నడు..."

"ఆయన సంగతి నేను చూస్కుంటగని, నీకెట్ల ఇనబడుతుందో చెప్పు."

మామ నా వంక చూశాడు, తల దించుకున్నాడు. ఆఖరికి అన్నాడు: "డోలు లేదు అల్లుడా. సన్నాయి ఉత్తగనే ఏడుస్తుంది. గా డబ్బ పక్కకు పోతె డోలు ఇనబడుతది. ఈడ నడుమ కూసుంటె మాయమైతది."

నేను వెళ్ళి ఒక స్పీకరు దగ్గర చెవి పెట్టాను. డోలు ఉంది. రెండో దాని దగ్గర పెట్టాను. అక్కడా ఉంది. కుర్చీ దగ్గరికి వస్తే గాలి తీసిన బంతిలా ఉంది పాట. అప్పుడు వెలిగింది నాకు. స్పీకర్లను వెనక్కి తిప్పి చూస్తే, ఒకదానికి ఎర్రమూతి దగ్గర వేయాల్సిన వైరు నల్లమూతికి వేసి ఉంది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. నడిమిట్లో డోలు దెబ్బలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. వైర్లు మార్చి మళ్ళీ ముల్లు దించాను.

మొదటి దెబ్బకే కిటికీ అద్దం అదిరింది. సన్నాయి గది నడుమకు వచ్చి నిలబడింది. మామ చెయ్యి తొడ మీద పడింది, లేచింది, మళ్ళీ పడింది. నా భార్య గరిటె పట్టుకుని కూర్చున్నచోటే ఉండిపోయింది. వంటింట్లోంచి మాడు వాసన వచ్చేదాకా ఎవరమూ లేవలేదు.

ఆ పూట మాడిన వంకాయ కూర వడ్డిస్తే మామ ఒక ముద్ద తిని పళ్ళెం పక్కకు జరిపాడు.

"కూర బాగలేదు బిడ్డా," అన్నాడు. "పెరుగెయ్యి."

నా భార్య పకపకా నవ్వింది. అంతటితో ఆయన నోరు తెరుచుకుంది. దిండు గట్టిగా ఉందన్నాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువవుతోందన్నాడు. ఇన్నాళ్ళూ నిద్ర పట్టడం లేదని, తన మంచం మీది ఫ్యాను కిర్రుమంటోందని అన్నాడు.

"ముందే చెప్పొద్దా మామా?" అన్నాను.

"మీ ఇంట్ల మీకు వంకలు వెట్టుడు ఎట్లుంటది?"

"నీ ఇల్లు కాదా ఏంది ఇది?" అంది నా భార్య.

నేను నూనె సీసా తీసుకుని మామ గదిలో స్టూలెక్కితే, వచ్చి స్టూలు పట్టుకున్నాడు. "జర పైలం," అన్నాడు. నేను దిగాక ఫ్యాను వేసి, పడుకుని, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"ఇంకా జరంత మోగుతుంది," అన్నాడు. "మల్ల ఎక్కు."