దేవి చెవి మిషను, ఆసుపత్రి పుస్తకం

నాలుగేళ్ల పాపకు ఏడు నెలల పాటు ఏమీ వినిపించలేదు. ఆ ఏడు నెలలూ ఆమె చక్కగా వింటున్నదని ఆసుపత్రిలో వారం వారం రాసుకున్నారు. అలా రాసిన ప్రతి వారానికీ ప్రభుత్వ బీమాయే ఖర్చు భరించింది.

అది 2016 నవంబరు. శ్రీకాకుళంలో నాకు రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. నేను ఐదో తరగతి దాటలేదు. వాల్వు రేడియోల కాలం నుంచి నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు మాన్యువల్స్ చదివి పని నేర్చుకున్నవాణ్ణి.

ఒక ఉదయం పోలమ్మ అనే ఆమె తన కూతురు దేవిని వెంటబెట్టుకొని వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. భర్త చేపల వేటకని గుజరాత్ వైపు వెళ్లి ఉన్నాడు. పుట్టు చెవుడున్న ఆ పాపకు అంతకుముందు ఏడాది బీమా కార్డు మీద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేశారు. చెవి లోపల చిన్న పరికరం అమర్చుతారు; చెవి వెనక తగిలించుకునే ప్రాసెసర్ అనే మిషను దానికి శబ్దం అందిస్తుంది. ఆపరేషన్‌తో పని అయిపోదు. విన్న శబ్దాన్ని మాటగా పోల్చుకోవడం వారం వారం నేర్పాలి. దాన్ని థెరపీ అంటారు. చిన్న వయసులో నేర్పకపోతే తర్వాత మాట రావడం చాలా కష్టం.

“రేడియోలు బాగు సేస్తారు కదా బాబూ, దీన్ని కూడా ఓపాలి సూడండి” అంది పోలమ్మ.

మిషను విప్పనని, బ్యాటరీ గది మాత్రం చూస్తానని చెప్పాను. మూత తీస్తే లోపలి రేకులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఉప్పుగాలి ఊళ్ల నుంచి వచ్చే రేడియోల్లో ఈ చిలుము నలభై ఏళ్లుగా చూస్తున్నాను. అది వారంలో పట్టేది కాదు. స్పిరిటుతో తుడిచి బ్యాటరీ వేస్తే లైటు వెలిగింది గానీ ఎర్రగా కొట్టుకుంటూనే ఉంది. తలకు అంటుకునే కాయిల్ దాకా సిగ్నల్ వెళ్లకపోతే అలా కొట్టుకుంటుందని మిషనుతో ఇచ్చిన మాన్యువల్లో ఉంది. మల్టీమీటరు పెట్టి చూశాను. ప్రాసెసర్ నుంచి కాయిల్‌కు వెళ్లే కేబుల్ లోపలే తెగింది.

పిలిస్తే పాప ఎప్పటి నుంచి తల తిప్పడం లేదని అడిగాను. వేట నిషేధం పెట్టిన ఏప్రిల్ నుంచి అంది. మరి ఆసుపత్రిలో చెప్పలేదా అన్నాను.

“సెప్పినాను బాబూ. పిల్ల మొండికేస్తన్నాది, నువ్వే గట్టిగా ఉండాల అన్నారు. రెండు మాట్లు కొట్టీసినాను కూడా.”

ఆ మాట అని పాప చెవి వెనక ఆపరేషన్ మచ్చ నిమురుతూ కూర్చుంది.

ఆమె సంచిలో థెరపీ పుస్తకం ఉంది. ప్రతి వారానికీ ‘రెస్పాన్స్ గుడ్’. పిలిస్తే పలుకుతున్నది, అమ్మ అంటున్నది అని కింద. ఏప్రిల్ నుంచి ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి. కొన్నేసి వారాలవి ఒక్కసారే కూర్చుని రాసేస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. పేజీ తిప్పితే అనుమానం తీరింది. ఇంకా రాని రెండు వారాలకు కూడా ‘గుడ్’ వేసి ఉంచారు.

తర్వాతి వారం నేనూ వాళ్లతో వెళ్లాను. థెరపీ గదిలోని ఉద్యోగి పాపను కుర్చీలో కూర్చోబెట్టి, తల్లి వేలిముద్ర వేయించుకొని, ఇక లేవమన్నాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. నేను నా దుకాణం సంగతి, కేబుల్ సంగతి చెప్పాను.

“తాతగారూ, మీరు రేడియోలు చూసుకోండి. ఇది వైద్యం.”

“రేడియో పలక్కపోతే దాని సొంతదారు నా పీక మీద కూకుంటాడు నాయనా. ఈ పిల్ల తరపున నీ పీక మీద ఎవుడు కూకుంటాడు?”

అతను నవ్వి, కొత్త కేబుల్ కోసం బీమా ఆఫీసులో అడగమన్నాడు. బీమా ఆఫీసువాళ్లు ఆసుపత్రిలో అడగమన్నారు. ఇక నేనే బీమా పథకం పై అధికారులకు ఫిర్యాదు రాశాను. వెంటనే కేబుల్ ఇప్పించాలని, థెరపీ మొదటి నుంచి చేయించాలని, ఆలస్యమైన కొద్దీ పాపకు మాట దూరమవుతుందని రాసి, పుస్తకం జిరాక్సులు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. అప్పటికి దేవికి అమ్మ అనే మాట కూడా రాదు.

ఎన్ని ఆపరేషన్లు చేశారో చెప్పడానికి చాలామంది ఉంటారనీ, బిడ్డ వెనక నిలబడి ఒకసారి పిలిచి చూసేవాడే ఉండడనీ ఈ కేసుతో తెలిసింది. ఆ తర్వాత అలాంటి మిషను ఎవరు తెచ్చినా, కాగితం ముట్టుకోకముందే పిల్ల వెనక చేరి చప్పట్లు కొట్టి చూసేవాణ్ణి.

మూడు నెలలకు జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“తమరి ఫిర్యాదు పరిశీలించడమైనది. లబ్ధిదారు కుమారి దేవిని ఫోనులో సంప్రదించగా, తనకు స్పష్టముగా వినిపించుచున్నదనియు, అందిన సేవలపై పూర్తి సంతృప్తి కలదనియు స్వయముగా తెలిపియున్నారు. కావున ఫిర్యాదు ముగించడమైనది.”