దేవుని పాటలో కొన్న కొండ

మొన్న ఆదివారం గుడికి బయలుదేరుతుంటే మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. పొద్దున రెండు గుక్కలు ఊటనీళ్లు తాగి గోడకు తిరిగి పండుకున్యాది. మళ్లా లేయల్యా" అన్నాడు. అంతే. మా వైపు మాటలు అంత పొదుపుగానే ఉంటాయి. నంద్యాలలో బస్సెక్కాను. తొంభై దాటిన మనిషి కదా, పండు రాలింది, ఏడవొద్దమ్మా అని పక్క సీటామె ఓదార్చింది. మంచిదే. పండైనా సరే, రాలింది మన చెట్టుది.

ఆమె మా నాయనకు అక్క, నాకు మేనత్త. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కొండ మొదట్లో ఉంటుంది మా ఊరు. ఊరికి చివర మా క్రైస్తవుల పేట. పేటకు ఎదురుగా కొండవాలు, వాలు కింద చిన్న ఊట. అత్త జీవితమంతా ఈ మూడింటి మధ్యే గడిచింది. చెట్టు కనిపిస్తే బొటనవేలి గోరుతో బెరడు గీకి చూసే అలవాటు ఆమెది. లోపల పచ్చగా ఉంటే "బతికుండాది" అని ముందుకు నడిచేది. ఒకసారి కంటి వైద్యానికి నంద్యాల తీసుకొస్తే ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్టును కూడా గీకింది. కాపలావాడు కేకేస్తే "నీ చెట్టు బాగుండాదిలే, కూర్చో" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

డెబ్బైల మొదట్లో కరువు వచ్చినప్పుడు ఆ వాలును బోడి చేసింది మేమే. నల్లమద్ది, చిరుమాను, తునికి, ఏదీ మిగలలేదు. ఆడవాళ్లు కట్టెల మోపులు కట్టి ఆళ్లగడ్డకు మోసుకుపోయి అమ్మారు. అత్త కూడా అమ్మింది. ఎవరైనా దెప్పితే "నరికినా. తినొద్దా?" అని మొహం మీదే అడిగేది. నరికిన మోళ్లకు వచ్చిన చిగుళ్లను మేకలు కొరికేసేవి. మేకలు వదిలిన గడ్డిని, వానకు కొత్త గడ్డి వస్తుందని ఎండాకాలంలో మావాళ్లే తగలబెట్టేవాళ్లు. రెండు మూడు ఏళ్లకు ఊట సన్నగిల్లింది. ఎండల్లో అయితే తడి మాత్రమే మిగిలేది.

ఊట ఎండితే ఏమవుతుందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఊరి రైతుల బావి దగ్గరికి పోవాలి. చేద మేము ముట్టకూడదు. ఎవరో ఒకరు దయతలచి తోడిపోసేదాకా కడవ పట్టుకుని ఎండలో నిలబడాలి. అత్త అలా నిలబడి వచ్చిన రోజు అన్నం ముట్టేది కాదు. "నరికిందీ మనమే, నిలబడేదీ మనమే" అని గోడతో చెప్పుకునేది. మామ చనిపోయింది కూడా అలాంటి ఎండల్లోనే. శ్మశానానికి దారి ఆ వాలు పక్కనుంచే పోతుంది. పెట్టె మోసేవాళ్ల కాళ్లు కాలిపోయాయి. ఇంటికొచ్చాక అత్త ఏడుపు ఆపి ఒక్క మాట అంది. "మోసేటోళ్లు భుజం మార్చుకునేదానికి గుప్పెడు నీడ ల్యా."

ఆ ఏడే కోతపండగ వచ్చింది. మా గుళ్లో కోతపండగకు ఇంటింటా పండినదాన్ని, పెంచినదాన్ని తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. తర్వాత వాటికి వేలంపాట పెడతారు. పాటలో కొన్న కోడినైనా, మేకనైనా ఏడాది తిరిగేదాకా కొయ్యకూడదు, మేపి పెంచాలి. అది మా పేట కట్టుబాటు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఎవరూ తప్పరు.

అందరూ గుమ్మడికాయలు, జొన్నలు, కోళ్లు తెచ్చారు. అత్త తన గొడ్డలి తెచ్చి బల్ల ముందు పెట్టింది.

"ఇదేందమ్మా?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"కొండవాలు అయ్యగారూ. దేవునికి ఇచ్చేద్దాం."

ఎవరో నవ్వారు. "అది సర్కారు పోరంబోకు. నీ సొత్తా ఇచ్చేదానికి?"

"కొండ మనది గాదు. గొడ్డలి మనదే గదా. దాన్ని ఇద్దాం" అంది అత్త.

అయ్యగారు ప్రార్థన చేశారు. అంతటితో అయిపోయేదే. కానీ పాట పాడించే సంఘపెద్ద కోళ్లు, గుమ్మడికాయలు అమ్మిన ఊపులో, నోటి అలవాటు కొద్దీ గొడ్డలి కూడా పైకెత్తి "కొండవాలు! ఎవరి పాట?" అని అరిచాడు. అయ్యగారు నోరు తెరిచేలోపే మా నాయన చెయ్యెత్తాడు. పోటీకి ఎవరూ రాలేదు. సంఘపెద్ద మూడుసార్లు పిలిచి పాట కొట్టేశాడు.

మా నాయనకు మేకలే ఆస్తి. నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతున్నది ఆ మేకల మీదే. ఆయన రొమ్ము విరుచుకుని "కొన్యా గదక్కా. రేప్పొద్దున్నే మందను తోల్తా" అన్నాడు.

అత్త కోపం తెచ్చుకోలేదు. "తోలప్పా. పోయినేడు ఈ పాటలోనే పుంజును కొన్యావే, దాన్నేం జేసినావు?"

"మేపినా."

"కొయ్యల్యా?"

"దేవుని పుంజును యాడన్నా కోస్తారా? ఏడాది తిరగొద్దా..."

"మరి ఇదీ దేవుని పాటే. మేక కొరికినా కోసినట్టే" అంది అత్త.

గుడంతా ఒకటే నవ్వు. నాయన మాత్రం ఇంటికొచ్చి చెంబు విసిరికొట్టాడు. మేత కోసం మందను కొండ అవతలికి తోలాలి, ఇటు వాలుకు కాపలా కాయాలి. ఒక్క మనిషి ఎన్ని చోట్ల ఉంటాడు? నా చదువు ఆపేద్దామనే మాట కూడా వచ్చింది. మరునాడు పొద్దున్నే అత్త కర్ర పట్టుకుని మా కొట్టం దగ్గర నిలబడింది. "నువ్వు కొండకాడ కూర్చో. మేకల్ని నేను తోల్తా" అంది. తోలింది కూడా. ఎండకు, వానకు, అరిగిన చెప్పులతో, ఆ ఏడంతా తోలింది. ఈ రోజు నాకు పెన్షన్ వస్తోందంటే దాని వెనక ఆమె కాళ్లున్నాయి. ఆ మాట ఆమె బతికుండగా అంటే "పో మే, మేకలు నడిచినాయి, నేను వెనక పోయినా" అనేది.

మొదటి వానలకు అత్త ఉత్సాహంగా మొక్కలు తెచ్చి వాలు మీద నాటింది. అన్నీ ఎండాయి. ఆమె కుమిలిపోయింది. కానీ మేక నోరు తగలని మోళ్లు వాటంతట అవే చిగురించాయి. తునికి వేళ్ల నుంచి పిలకలు లేచాయి. ఒక్కో మద్ది మోడుకు గుత్తులుగా కొమ్మలొస్తే బలమైనదాన్ని ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే చేత్తో తుంచేసింది, అదీ పెంచడమే అనేది. "నాటింది ఎండె, వదిలేసింది పెరిగె" అని నవ్వేది.

ఆ ఎండాకాలమే పక్క వాలు నుంచి మంట వచ్చింది. పచ్చి తంగేడు కొమ్మలు పట్టుకుని ముందుగా పరుగెత్తింది మా నాయనే. చేతులు బొబ్బలెక్కి వచ్చి "నా కొండ అంటుకునేదక్కా" అన్నాడు. నా కొండ అన్నాడు! అత్త ఆ బొబ్బలకు నూనె రాసింది. మరుసటి కోతపండగకు మళ్లీ గొడ్డలి బల్ల ముందుకొచ్చింది, మళ్లీ పాట జరిగింది. ఇక ఆగలేదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం ఊట ఎండలేదు. వానలు బాగా పడ్డాయని కొందరు, కొండ పట్టి ఉంచిందని కొందరు వాదించుకున్నారు. నాకు తెలియదు. మా పేట ఆడవాళ్లు ఆ ఏడు కడవలు పట్టుకుని ఊరి బావి దగ్గర నిలబడలేదు. అది మాత్రం తెలుసు.

నేను ఊరు చేరేసరికి పెట్టె సిద్ధమైంది. మోయడానికి వాసాలు కావాలి. "కొండమీద రెండు మద్ది వాసాలు కొడితే పోతాది గదా" అన్నారెవరో. ఈ ఏడు పాట కొన్నది మా తమ్ముడు. "పోతాది. కొట్టను. పండగ ఇంకా రాల్యా" అన్నాడు. ఆమె కోసమైనా? అని ఎవరూ అడగలేదు. ఆళ్లగడ్డ నుంచి ఆటోలో వెదుళ్లు వచ్చేదాకా అందరం కూర్చున్నాం.

దారిలో ఎండ మండిపోతోంది. వాలు పక్కకు రాగానే మోసేవాళ్లు పెట్టె దించి భుజాలు మార్చుకున్నారు. మద్దిచెట్ల నీడ పెట్టె మీద, వాళ్ల మీద, వెనక వస్తున్న మా అందరి మీద పడింది. మా తమ్ముడు పక్కనున్న చెట్టు బెరడును బొటనవేలి గోరుతో గీకి చూశాడు. మళ్లీ ఎత్తడానికి ఎవరూ తొందరపడలేదు.