జున్ను పెట్టిన చెయ్యి

సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నయాపైసలు వచ్చిన కొత్తలో మేము విస్సన్నపేట దగ్గర ఒక మామిడితోటకి కాపలా ఉండేవాళ్ళం, నేనూ, నా భర్తా, అత్తగారూ, బావగారూ, తోడికోడలూ, వాళ్ళ నాలుగేళ్ళ బాబూ. నాకు పిల్లల్లేరు. గేదె ఈనితే జున్ను వండి అందరికీ నేనే పెట్టాను, రెండు రోజులు తిరక్కుండా బాబుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, నెత్తురు విరేచనాలు!

"గొడ్రాలు, కుళ్ళుకొని జున్నులో మందు పెట్టింది" అంది తోడికోడలు. అంతే! అత్తగారు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, పక్కతోటవాళ్ళు నా చేతి మంచినీళ్ళు ముట్టలేదు, చివరికి నా భర్త కూడా, అయ్యో, నా మొహంకేసి చూసి కంచం పక్కకి జరిపాడు! నాకూ అనుమానమే, నా పేరు చెడగొట్టడానికి తోడికోడలే ఏదైనా కలిపిందేమోనని. బిడ్డ పోతే నన్ను బతకనిస్తారా?

మిషన్ ఆసుపత్రికి బండి కట్టారు, నేను వెనకాల నడిచాను. అప్పటికి నాకు ప్రభువు తెలియదు, అయినా అక్కడి వరండాలో కూలబడి, "యేసయ్యా, నువ్వెవరివో నాకు తెలియదు, ఆ బిడ్డని బతికించు, నేను చెయ్యలేదని నీకైనా తెలుసు కదయ్యా" అని ఏడ్చాను.

డాక్టరమ్మ బిడ్డకి మందిచ్చి, ఇంట్లో పశువేదైనా విరేచనాలతో పారుకుంటోందా అని అడిగింది. దూడ పారుకుంటోందన్నాను. బిడ్డ విరేచనం, దూడ పేడ, తోడికోడలు నామీద సాక్ష్యానికి దాచిన జున్ను, మూడూ సీసాల్లో పెట్టించుకుంటే పోలీసులకి పంపుతుందేమో అనుకున్నాను. డాక్టరమ్మ వాటిని గాజు పళ్ళేల్లో పెట్టి క్రిముల్ని పెంచి చూసింది. బిడ్డలో ఉన్న క్రిమే దూడలోనూ ఉంది, జున్నులో లేదు!

దూడ పాలు కుడవడం లేదని అత్తగారు వేళ్ళు పాలల్లో ముంచి దాని నోట్లో పెట్టి చీకించేది, అది చూసి బాబూ అలాగే చేసి, మళ్ళీ అవే వేళ్ళు తన నోట్లో పెట్టుకునేవాడట.

బిడ్డ లేచి తిరిగాడు, దేవునికే మహిమ! తోడికోడలు ఇప్పటికీ నాకేసి అదోలా చూస్తుంది, అది ఆవిడ ఇష్టం. నేనూ మనుషుల్ని తొందరగా నమ్మను. కానీ నావాళ్ళే నన్ను నమ్మనప్పుడు నమ్మిన దేవుణ్ణి ఎలా విడిచేది? నింద మోస్తున్నవాళ్ళు ఎవరున్నా ఆయన దగ్గరికి రండి.

ఆరాధన అయ్యాక ఎవరూ వెళ్ళిపోకండి. ఇవాళ ప్రేమవిందుకి వండింది నేనే.