వాన చూసే పెట్టె

మైసూరు రాష్ట్రానికి ఇంకా కర్ణాటక అనే పేరు రాని రోజులవి. పేలిపోయిన నక్షత్రాల నుంచి గామా కిరణాలు వస్తున్నాయేమో వెతకడానికి మేము హైదరాబాదు నుంచి బెలూన్‌కు కట్టి పైకి పంపిన పెట్టె, ఔరాద్ దగ్గర ఒక చేలో దిగింది. దాన్ని తీసుకుని బీదర్ బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక ముసలావిడ, ఒళ్ళో జొన్నల మూట.

"గీ డబ్బల ఏముంది బిడ్డా?"

నక్షత్రాలంటే ప్రశ్నలకు అంతుండదని మేమందరం చెప్పే జవాబొకటి ఉండేది. అదే చెప్పాను. "వాన సంగతి చూసే మిషన్ పెద్దమ్మా."

"మరి వానొస్తదా?"

"వారంలో వస్తుంది" అన్నాను, విసుగ్గా.

ఆమె పెట్టెను తాకి కళ్ళకద్దుకుంది. "తిననీకి లేక ఇత్తనం జొన్నలు అమ్మనీకి పోతున్న. వానొచ్చేదుంటే అమ్ముడెందుకు? పొడి దుక్కిలనే ఇత్తేస్త."

టికెట్ బీదర్ దాకా ఉందని కండక్టర్ చెబుతున్నా వినకుండా సంతపూర్‌లో దిగిపోయింది. ఔరాద్ వైపు పోయే బస్సు కోసం రోడ్డు దాటుతూ నా వైపు చెయ్యెత్తింది. మా బస్సు అక్కడ చాలాసేపే ఆగింది. నేను కిటికీలోంచి పిలవలేదు.

ఆ ఏడు అటు వానలు పడలేదు. మా పెట్టెలో గామా కిరణాల జాడా దొరకలేదు. "కనిపించలేదు" అన్న ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి మేము రెండు నెలలు లెక్కలన్నీ తిరగేసి సరిచూసుకున్నాం. "వస్తుంది" అనడానికి నేను ఆ రోజు తలెత్తి ఆకాశం కూడా చూడలేదు.