అంబలికి పడ్డ మార్కులు

ప్రపంచానికి అన్నం పెట్టే బాధ్యతను ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్న మహానుభావుల్లో డాక్టర్ లాజరు గారొకరు. ఉయ్యూరు చెరకు తోటల మధ్య పుట్టి, విజయవాడ దగ్గర ఒక యూనివర్సిటీలో ఫుడ్ టెక్నాలజీ చెబుతూ, సగం జీవితాన్ని నూకలకి అంకితం చేశారు. మిల్లుల్లో చౌకగా పోయే నూకలకి మినప్పప్పు చేర్చి ఆయన కనిపెట్టిన పోషకాల వడియాలు భూగోళం మీద ఆకలి లేకుండా చేస్తాయని ఆయన నమ్మకం. భూగోళానికి ఆ కబురు ఇంకా అందలేదు.

ఈలోగా, ఆయన దగ్గరే చదువుకుని అదే డిపార్ట్‌మెంట్‌లో లెక్చరరుగా చేరిన వేదశ్రీ, కొర్రలు పులియబెట్టి అంబలి చేసింది. పేపర్లో ఫోటో పడింది. లాజరు గారు ఆ పేపరు చదవలేదు. బీరువా అరలో బోర్లా పరిచారు.

"శిష్యురాలికి పేరొస్తే మీకూ గొప్పే కదండీ," అంది భార్య మార్త.

"గొప్పే. అందుకేగా ఈ తలనొప్పి."

అంతలో ఆహారపు కొరత మీద పనిచేసే ఒక విదేశీ యూనివర్సిటీ, ఈ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క పరిశోధనని మాత్రం తమతో కలుపుకుంటామంది. వడియమా, అంబలా? తేల్చడానికి హెడ్ బాలసరస్వతి గారు రుచి పరీక్ష పెట్టారు. తోటి లెక్చరర్లు రుచి చూసి మార్కులు వేయాలి. అంతకుముందు కారం ముట్టకూడదు. ఈ నియమాన్ని ఏటా క్లాసులో బల్ల గుద్ది చెప్పేది లాజరు గారే.

ఆ మధ్యాహ్నం ఆయన హృదయం ఎన్నడూ లేనంత విశాలమైంది. రుచి చూడాల్సిన వాళ్ళందర్నీ గేటు ముందు బండి దగ్గరికి లాక్కెళ్ళి మిర్చి బజ్జీలు తినిపించారు, తోడుగా తనూ తిన్నారు. మండే నాలుకకి చప్పటి అంబలి కుడితిలా తోస్తుందనీ, పచ్చిమిర్చి పడ్డ తన వడియమే నిలబడుతుందనీ ఆయన శాస్త్రీయ అంచనా.

"పరీక్షుంది కదా సార్, తినొచ్చంటారా?" అన్నాడు కుర్ర లెక్చరర్ బాబీ.

"రూల్సన్నీ స్టూడెంట్లకయ్యా. నువ్వు తిను."

పరీక్షలో బాబీ వడియం కొరికి, "హా" అంటూ కళ్ళనీళ్ళతో పక్కన పెట్టేశాడు. మజ్జిగ కలిపిన చల్లటి అంబలి గొంతు దిగాక గానీ మాట రాలేదు. "ఇంకో గ్లాసు ఉందా మేడమ్?" మిగతావాళ్ళూ గ్లాసులు చాపారు. మార్కులు కూడాల్సిన పనే లేకపోయింది.

బాలసరస్వతి గారు పద్ధతి గల మనిషి. "పరీక్షలో ఏదైనా లోపముంటే ఇప్పుడే చెప్పండి. రద్దు చేసి మళ్ళీ పెడదాం," అన్నారు.

లోపమా! నిండా ఉంది. బజ్జీలు తిన్నవాళ్ళు నోరెత్తరు. చెప్పాల్సింది లాజరు గారే. చెబితే పరీక్ష పోతుంది, దానికన్నా ముందు ఆయన పరువు పోతుంది.

"మీరూ తాగండి సార్. పులియబెట్టడం మీరు నేర్పిందే," అంటూ వేదశ్రీ గ్లాసు అందించింది.

"లోపమేం లేదండీ," అన్నారు లాజరు గారు, భగ్గుమంటున్న నోటితో.

తాగారు. అంబలి బాగుంది. అంత బాగుండాల్సిన అవసరం ఏమొచ్చిందో ఆయనకి అర్థం కాలేదు.